ఎర్రగీత చుట్టిన చేయి

మణుగూరు బొగ్గుగనుల కాలనీలో సారంగపాణిని అందరూ "వీడియో సార్" అనేవారు. నిజానికి ఆయన సారు కాదు. ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. బొగ్గు మోసే డంపర్ల లైట్లు, హారన్లు, వైర్లు చూసుకునే పని. అయినా సాయంత్రం పూట క్లబ్బు ఈతకొలను దగ్గరికి వస్తే పిల్లల తల్లిదండ్రులు లేచి ఆయనకు కుర్చీ జరిపేవారు. ఆ కుర్చీ జరపడమంటే ఆయనకు ఎంత ఇష్టమో భార్య ఉషారాణికి ఒక్కదానికే తెలుసు.

సారంగపాణి నాన్న సిరిసిల్ల వైపు నుంచి మగ్గం వదిలేసి గనిలో పనికి వచ్చినవాడు. సారంగపాణికి డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. పెళ్లిళ్లకు వీడియోలు తీశాడు. తీయడం కంటే ఎడిటింగులో ఆయన చెయ్యి బాగా నడిచేది. తలంబ్రాలప్పుడు పెళ్లికొడుకు మేనమామ ఆవులిస్తే, ఆ కాసిన్ని ఫ్రేములూ అతుకు కనిపించకుండా తీసేసేవాడు. తర్వాత నాన్న ఊపిరితిత్తులు పాడై, గని పనికి పనికిరాడని డాక్టర్లు రాశారు. ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. "అయ్య దగ్గు మీద కొడుకు డ్యూటీ ఎక్కిండు" అని వర్క్‌షాపులో ఎవరో నవ్వుతూనే అన్నారు. అన్నవాడు మరిచిపోయాడు గానీ సారంగపాణి మరిచిపోలేదు. తాను స్వయంగా సంపాదించుకున్న పేరు ఒకటైనా ఉండాలని లోపల ఒక కోరిక నాటుకుపోయింది.

ఆ పేరు కూతురి ఈత వల్ల వచ్చింది. వేసవి శిబిరంలో భవాని ఈత నేర్చుకుంటుంటే, పాత అలవాటు కొద్దీ కెమెరా తెచ్చి తీశాడు. ఇంటికొచ్చి నెమ్మదిగా తిప్పి చూస్తే, పిల్ల ఊపిరి తీసుకునేటప్పుడు తల అవసరానికి మించి పైకెత్తుతోందనీ, అప్పుడు నడుము కిందికి దిగి వేగం పడిపోతోందనీ తెలిసింది. కోచ్ ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని సంగతి, తెర మీద తనను తాను చూసుకున్నాక భవానికి ఒక్క పూటలో అర్థమైంది. ఆ తర్వాత సారంగపాణి వీడియోలు చూసి చూసి ఒక సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. అందులో రేసును ఫ్రేము తర్వాత ఫ్రేముగా ఆపవచ్చు. చేయి వంపు మీద గీత గీయవచ్చు. గోడ దగ్గర వెనక్కి తిరగడానికి ఎంతసేపు పడుతోందో చూడవచ్చు. ఇద్దరు పిల్లల ఈతను పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కడ వెనకబడ్డారో చూపించవచ్చు. కాలనీ పిల్లలందరికీ అలా చేసిపెట్టేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ఆయన మాట వల్ల మేలు పొందిన పిల్లలు నిజంగానే ఉన్నారు. అది కాదనకూడదు.

భవానికి కప్ప ఈత, అంటే బ్రెస్ట్‌స్ట్రోక్, బాగా కుదిరింది. కాలనీలో ఆమెకు ఎదురు లేదు. కానీ బయట పోటీలకు వెళ్తే ఒక పిల్ల ప్రతిసారీ ఆమె ముందు గోడ తాకేది. పేరు సంగీత. పినపాక దగ్గర తండా పిల్ల. తండా వెనక కుంటలో బర్రెలతో పాటు ఈదుతూ పెరిగింది. వైరాలో ఆడపిల్లల హాస్టల్ బడిలో చదివేది. అక్కడి పీఈటీ సువర్ణ మేడమ్ ఆమె కాళ్ల బలం చూసి పోటీలకు తీసుకురావడం మొదలుపెట్టింది. సంగీతను ఎవరూ ఎప్పుడూ వీడియో తీయలేదు. ఎవరూ గీతలు గీసి చూపించలేదు. అయినా గెలిచేది. రెండోసారి ఆమె గెలిచినప్పుడు క్లబ్బులో ఒకాయన, "గా పొల్లకు ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నదే పాణీ?" అన్నాడు. అందరూ నవ్వారు. సారంగపాణి కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం ఉషారాణి వడ్డించిన అన్నం కలుపుతూ చాలాసేపు కూర్చున్నాడు.

జూన్‌లో ఖమ్మంలో ఉమ్మడి జిల్లా ఎంపిక పోటీలు జరిగాయి. ఒక్కో ఈతలో మొదట వచ్చినవాళ్లే రాష్ట్ర పోటీలకు వెళ్తారు. సారంగపాణి సెలవు పెట్టి కూతురితో వెళ్లాడు. పక్కన మెట్ల మీద స్టాండు వేసి పెద్ద కెమెరా పెట్టాడు. నీళ్లలో పనిచేసే చిన్న కెమెరాను భవాని ఈదే వరుసలో, అవతలి గోడ దగ్గర నీటి కింద బిగించాడు. కూతురు తిరిగేటప్పుడు కాళ్లు ఎలా తన్నుతోందో తర్వాత తీరిగ్గా చూడాలని.

పక్క వరుసలో సంగీత నిలబడింది. తలకు ఎవరిదో పెద్ద టోపీ. చెవుల దగ్గర అది మడతలు పడింది. విజిల్ మోగింది. వెనక్కి తిరగాల్సిన అవతలి గోడ దగ్గరికి ఇద్దరూ ఇంచుమించు కలిసే వచ్చారు. తిరిగాక సంగీత ముందుకు జరిగింది. చివరి గోడను ఒక బార తేడాతో ముందు తాకింది. భవాని నీళ్లలోంచే వరుసల మధ్య తాడు మీదుగా చెయ్యి చాపి, "మస్తు కొట్టినవ్ సంగీతా" అంది. సంగీత టోపీ తీసి, నీళ్లు కారుతున్న ముఖంతో నవ్వింది.

సారంగపాణి ఆ నవ్వు చూడలేదు. అప్పటికే వీడియోను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫ్రేము తర్వాత ఫ్రేముగా జరుపుతున్నాడు. ఎందుకు జరుపుతున్నాడో ఆ క్షణంలో అడిగితే చెప్పగలిగేవాడు కాదు. కప్ప ఈతలో తిరిగేటప్పుడు రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. ఒక చెయ్యే తాకితే ఆ పిల్లను పోటీ నుంచి తీసేస్తారు. సంగీత గోడ తాకిన చోట బొమ్మ ఆపాడు. ఎడమ చెయ్యి గోడ మీద స్పష్టంగా ఉంది. కుడి చెయ్యి కనిపించడం లేదు.

పక్క నుంచి తీసిన వీడియోలో అవతలి చెయ్యి తల వెనక దాగిపోతుంది. ఆ సంగతి సారంగపాణికి తెలియనిది కాదు. అంతకు నెల ముందే కాలనీలో ఒక తండ్రికి ఆయనే వివరించాడు, కనిపించనంత మాత్రాన లేదని అనుకోవద్దని. అయినా ఆయన చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. గోడ మీద ఉన్న ఆ ఒక్క చేతి చుట్టూ ఎర్రగీత గీసింది. గీత చుట్టగానే ఆ బొమ్మ మారిపోయింది. ఇప్పుడు ఎవరు చూసినా ముందు ఆ ఒక్క చెయ్యే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ అలాగే ఎత్తుకుని రిఫరీ బల్ల దగ్గరికి వెళ్లాడు.

రిఫరీ రామ్‌చందర్ రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు. మెత్తని మనిషి. సారంగపాణి అంటే గౌరవం.

"తల్లిదండ్రులు తీసిన వీడియో చెల్లది పాణీ. రూల్ నీకు తెల్సు."

"తెల్సు సార్. మీరు ఒక్కసారి చూడుండ్రి. ఆ తర్వాత మీ ఇష్టం."

రామ్‌చందర్ కళ్లజోడు సర్దుకుని చూశాడు. ఆ గోడ దగ్గర నిలబడ్డ కుర్ర జడ్జిని పిలిచి అడిగాడు. అతను రెండు చేతులే అనుకుంటున్నానని, కానీ గట్టిగా చెప్పలేనని నసిగాడు. రామ్‌చందర్ మళ్లీ తెర చూశాడు. తర్వాత సారంగపాణి వైపు తిరిగాడు.

"నువ్వు ఏండ్ల సంది గిదే పని మీద ఉన్నవ్. నాకంటె నీకు ఎక్కువ తెల్సు. చెప్పు. ఒక్క చెయ్యేనా?"

ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయి ఉంటే సరిపోయేది. సరిగ్గా కనిపిస్తలేదు సార్ అంటే చాలు. దారి తెరిచే ఉంది.

"ఒక్క చెయ్యే సార్" అన్నాడు సారంగపాణి.

సంగీతను పోటీ నుంచి తీసేశామని, భవానిదే మొదటి స్థానమని మైకులో చెప్పారు. టవల్ కప్పుకుని కూర్చున్న సంగీత లేచి వచ్చి, "నేను రెండు చేతులు పెట్టిన సార్" అంది. గొంతు పెంచలేదు. సువర్ణ మేడమ్ మాత్రం రిఫరీతో గట్టిగా వాదించింది. అప్పుడు ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పారు. ఎర్రగీత చూసి ఆమె మాట తగ్గించింది. "గట్ల కనిపిస్తున్నదే..." అని సంగీత వైపు తిరిగింది. ఆ చూపులో అనుమానం ఉంది. పిల్ల దాన్ని చూసి తల దించుకుంది.

అంతలో సంగీత తండ్రి మోతీ మెట్లు దిగి వచ్చాడు. కూతురి ఈత చూడాలని తెల్లారే లేచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. తెల్ల చొక్కా, మెడలో తువ్వాల. సంగతేమిటో తండా భాషలో కూతురిని అడిగాడు. ఆమె ఏదో చెప్పింది. ఆయన తెర మీది బొమ్మ చూశాడు. తర్వాత సారంగపాణికి రెండు చేతులూ జోడించాడు.

"వీడియోల ఉన్నదంటె ఉన్నట్టే కద సార్. మా పొల్ల తెల్వక చేసుంటది. మనసుల పెట్టుకోకుండ్రి."

సారంగపాణి ల్యాప్‌టాప్ మూత సగం దించాడు.

"గా తప్పేందో జర దానికి చూపియ్యుండ్రి సార్. మల్లెప్పుడు చెయ్యకుంట. మాకు చెప్పెటోళ్లు లేరు."

వద్దనడానికి దారి దొరకలేదు. చుట్టూ మనుషులున్నారు. సారంగపాణి ఆ పిల్లను కొలను గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. వంగి, రెండు చేతులూ గోడకు ఆనించి, "గిట్ల బిడ్డా. రెండూ ఒక్కసారే. తాకినట్టు జడ్జికి కనిపియ్యాలె" అని చూపించాడు. సంగీత ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తడి చేతులు రెండూ గోడకు ఆనించింది. అప్పటికే చేసిన పనిని, చేయలేదని ఒప్పుకుని, కొత్తగా నేర్చుకుంటున్నట్టు. "అవ్ సార్" అంది. మోతీ వెనక నిలబడి శ్రద్ధగా చూశాడు. వెళ్లేటప్పుడు ఇంకోసారి దండం పెట్టాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో భవాని మెడల్‌ను బ్యాగులో పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కొత్తగూడెం దాటాక అడిగింది.

"డాడీ, నిజంగ ఒక్క చెయ్యేనా?"

"వీడియో చూసినవ్ కద."

ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చాడు. గనిలో బ్లాస్టింగ్ జరిగి, క్వార్టర్ కిటికీలు ఎప్పటిలా ఒకసారి గలగలమన్నాయి. రాష్ట్ర పోటీలు దగ్గర పడుతున్నాయని, భవాని కాళ్ల తన్ను చూద్దామని, నీటి కింద పెట్టిన చిన్న కెమెరా వీడియో తెరిచాడు. అంతవరకూ దాన్ని తెరవనే లేదు. కూతురు గోడ వైపు వస్తోంది. తెర మూలన, తాడుకు అవతల, ఇంకో జత చేతులు వచ్చాయి. రెండు అరచేతులు. వేళ్లు విచ్చుకుని, ఒకదాని పక్కన ఒకటి, ఒకేసారి గోడకు ఆనాయి. ఆ తర్వాతే సంగీత ఒక చెయ్యి వెనక్కి లాక్కుంది.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. బొమ్మ పెద్దది చేసి చూశాడు. చేతులు మారలేదు.

ఉషారాణి వంటింట్లోంచి వచ్చింది. "అన్నం పెట్టాల్నా? ఏందయ్యా, గట్ల చెమటలు పట్టినయ్?"

"ఏం లేదు. ఎండల వచ్చిన కద" అన్నాడు. ల్యాప్‌టాప్ మూశాడు.

ఇంకా సమయం ఉంది. రామ్‌చందర్‌కు ఒక్క ఫోన్ చేస్తే పేరు మార్చే వీలుంది. రెండు మూడు రోజులు ఆ ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాడు. నంబరు దాకా వెళ్లి ఆపేవాడు. ఇంతలో కాలనీ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. భవాని బొమ్మ పెద్దగా, మూలన సారంగపాణి బొమ్మ. "తండ్రి పర్యవేక్షణలో రాష్ట్ర స్థాయికి" అని రాశారు. డ్యూటీకి వెళ్తూ వస్తూ దాని కిందుగానే వెళ్లాలి. బండి వేగం పెంచేవాడు. వర్క్‌షాపులో స్వీట్లు అడిగారు. ఇచ్చాడు. తిన్నవాళ్లు భుజం తట్టారు. పేర్లు వెళ్లిపోయి ఉంటాయిలే, ఇప్పుడు చెబితే పిల్ల మనసు విరుగుతుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట చెప్పుకునేటప్పుడే అది సాకు అని తెలుసు.

హైదరాబాదులో జరిగిన రాష్ట్ర పోటీల్లో భవాని బాగా వెనకబడింది. సారంగపాణి తీశాడు గానీ, ఆ వీడియో ఇప్పటికీ తెరవలేదు.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒకనాడు సువర్ణ మేడమ్ ఫోన్ చేసింది.

"సార్, మీతోని ఒక పని పడ్డది. మా సంగీత ఈత బాగనే ఉన్నది, కని గోడ కాడ మస్తు టైం పోతున్నది. కారణమేందో నాకు తెలుస్తలేదు. వీడియో పంపిన. మీరే చెప్పాలె. గా దినం మీరు చూపిచ్చిన సంది మీ మాటంటె దానికి మంత్రం లెక్క."

వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డు నీడలో నిలబడి ఆ వీడియో చూశాడు. సాఫ్ట్‌వేర్ అక్కర్లేకపోయింది. సంగీత గోడ దగ్గరికి మంచి వేగంతో వచ్చింది. రెండు చేతులూ ఆనించింది. ఆగింది. తల తిప్పి కుడి చెయ్యి చూసుకుంది, ఎడమ చెయ్యి చూసుకుంది. రెండూ ఉన్నాయని ఎవరికో రుజువు చూపిస్తున్నట్టు. అప్పుడు గానీ గోడను తన్నలేదు. ఈలోగా పక్క పిల్లలు వెళ్లిపోయారు.

సారంగపాణి అక్కడే ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. వీడియో మళ్లీ మొదటికి తిప్పాడు. తాను దొంగిలించింది ఒక మెడల్ అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ. పిల్ల చేతుల్లోంచి ఏం తీసేశాడో ఆ రోజు చూశాడు.

సాయంత్రం ఇంట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి నీటి కింద వీడియో చూపించాడు. ఉషారాణికి మొదట అర్థం కాలేదు. భవానికి వెంటనే అయింది.

"గిది ఎప్పుడు చూసినవ్ డాడీ?"

"నువ్వు హైదరాబాద్ పోక ముందే."

భవాని ముఖం ఎర్రబడింది. "చూసి కూడ నన్ను తోలుకపోయినవా? నేను దాని జాగల నిలబడి ఈదిన. అక్కడ నా పేరు పిలిస్తె చెయ్యి ఎత్తిన. నాకు తెల్వకుంటనే నన్ను దొంగను చేసినవ్."

"బిడ్డా..."

"నా వీడియో ఇంకెప్పుడు తియ్యకు."

లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఉషారాణి మూసిన తలుపు వైపు చూసింది. తర్వాత, "నాకు కోపం రాలే అనుకోకు. కని ముందు నువ్వు మాట్లాడాల్సింది మాతోని కాదు" అంది.

దసరా సెలవులకు సంగీత ఇంటికి వచ్చిందని కనుక్కుని, సారంగపాణి బండి మీద తండాకు బయల్దేరాడు. వీపున బ్యాగులో ల్యాప్‌టాప్. బయ్యారం క్రాస్‌రోడ్డు దాటాక రోడ్డుకు రెండు వైపులా పత్తి విచ్చుకుని ఉంది. ఒకచోట బండి ఆపాడు. వెనక్కి తిరిగిపోదామా అనిపించింది. ఎదురుగా వస్తున్న ట్రాలీ ఆటో హారన్ కొట్టి దాటిపోయింది. మళ్లీ కిక్కు కొట్టాడు.

మోతీ వాకిట్లో పత్తి ఆరబోస్తున్నాడు. చూడగానే గుర్తుపట్టి, ముఖం విప్పుకుని ఎదురొచ్చాడు. "వీడియో సార్! మా ఇంటికి వచ్చిండ్రా?" మంచం వాల్చి దుప్పటి పరిచాడు. కూతురిని కేకేశాడు. చాయ పెట్టమని భార్యకు చెప్పాడు. సారంగపాణి మంచం మీద కూర్చోలేకపోయాడు.

"చాయ వద్దు మోతీ అన్నా. ముందు ఒక సంగతి చూడుండ్రి. చూసినంక పొమ్మన్నా పోత."

ఇంటి లోపలి చీకట్లో, బియ్యం బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టి చూపించాడు. ఏ గోడో, ఏ వరుసో, ఎవరి చేతులో చెప్పాడు. సంగీత గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఏడవలేదు.

"ఇంకోపారి పెట్టుండ్రి సార్" అంది.

పెట్టాడు.

"నేను చెప్పిన కద" అంది. సారంగపాణితో కాదు, తండ్రితో.

మోతీ తెర దగ్గరికి వంగాడు. తెర మీద నీళ్లు ఆగిపోయి ఉన్నాయి. కాసేపటికి అడిగాడు. "నువ్వు గా దినం చూడలేదా సార్ గీ వీడియో?"

"గిది చూడలే. కని..." సారంగపాణి నేల మీద కూర్చున్నాడు. "రిఫరీ అడిగినప్పుడు నాకు గట్టిగ తెల్వది. తెల్వకున్నా తెల్సినట్టు చెప్పిన. నా బిడ్డ గెలవాలెనని. నేను చెప్పిందే నెగ్గాలెనని. తర్వాత గిది చూసిన. చూసి కూడ ఇన్ని దినాలు నోరు మూసుకున్న."

మోతీ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన తిడతాడనీ, కొడతాడనీ సారంగపాణి అనుకున్నాడు. అలా జరిగితే బాగుండునని కూడా అనుకున్నాడు. మోతీ ఆయన వైపే చూడలేదు.

"నేను గా దినం ఖమ్మం బస్‌స్టాండుల దీన్ని కొట్టిన సార్" అన్నాడు. "అందరి ముందట. నా ఇజ్జత్ తీసినవ్, తప్పు చేసి మల్ల చెయ్యలేదని అబద్ధమాడుతున్నవ్ అని కొట్టిన. వైరా పోయేదాంక ఇది నాతోని మాట్లాడలే. నాకంటె గోడతోని మాట్లాడుడు నయం అనుకున్నదో ఏమో."

సంగీత గుమ్మం దగ్గర్నించి వెళ్లిపోయింది. మోతీ లేచి రెండడుగులు ఆమె వెనక వెళ్లి, వాకిట్లో ఆగిపోయాడు. పెద్ద మనిషి, సొంత వాకిట్లో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. సారంగపాణి సిగ్గు సారంగపాణిది. దాన్ని మోయాలి, మోస్తాడు. కానీ ఏ పాపమూ ఎరగని ఈ మనిషికి కూడా అందులో సగం పంచి ఇచ్చానే అని సారంగపాణికి అప్పుడు తట్టింది.

"నువ్వు పో సార్ ఇగ" అన్నాడు మోతీ. కోపంగా కాదు. "నాకు నా బిడ్డతోని మాట్లాడాలె."

చాయ గ్లాసు పట్టుకుని వచ్చిన ఆ ఇంటావిడ, ఎవరికివ్వాలో తెలియక అలాగే నిలబడింది.

మర్నాడు సారంగపాణి ఖమ్మం వెళ్లి రామ్‌చందర్‌కు ఆ వీడియో చూపించాడు. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. పోటీలు అయిపోయాక ఫలితం మార్చే వీలు లేదని చెప్పాడు. "రూల్ నాకు తెల్సు. అనుమానముంటె పిల్ల దిక్కే నిలబడాలె. నీ ఎర్రగీత చూసి నేను కూడ ఆగమైన" అన్నాడు. ఆ మాట సారంగపాణికి ఊరట కాలేదు. కాలనీకి వచ్చి క్లబ్బులో తల్లిదండ్రులందరి ముందు రెండు వీడియోలూ పక్కపక్కన వేశాడు. ఏం చేశాడో చెప్పాడు. కొందరు ఇంత చిన్న విషయానికి ఇంత పంచాయితీ ఎందుకన్నారు. ఒకాయన, "మా పిల్లల సంగతిల ఇంకెన్ని గిట్ల చెప్పినవో" అన్నాడు. సారంగపాణి ల్యాప్‌టాప్ సర్దుకున్నాడు. ఆ తర్వాత ఆయన వెళ్తే ఎవరూ కుర్చీ జరపలేదు. భవాని తన మెడల్‌ను వైరా వెళ్లి సువర్ణ మేడమ్ చేతికి ఇచ్చి వచ్చింది. నాన్నను తోడు రమ్మనలేదు. తల్లితో వెళ్లింది.

సంగీతకు కప్ప ఈత తిరిగి కుదరలేదు. సువర్ణ మేడమ్ ఎన్ని విధాల చెప్పినా, గోడ దగ్గర ఆ పిల్ల చేతులు ఆగిపోయేవి. తన సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడానికి ప్రయత్నిస్తానని సారంగపాణి ఫోన్‌లో అడిగాడు. మేడమ్, "వద్దు సార్. పిల్ల మీ పేరు చెప్తెనే చేతులు చూసుకుంటున్నది" అంది. చివరికి సంగీతే మేడమ్‌తో తాను ఫ్రీస్టైల్ ఈదుతానని చెప్పిందట. అందులో తిరిగేటప్పుడు చేతులు ఎవరూ చూడరు కదా అందట.

మరుసటి ఏడాది ఎంపిక పోటీలకు సారంగపాణి ఖమ్మం వెళ్లాడు. కెమెరా తీసుకెళ్లలేదు. ఊరికే భవానిని దింపి, వెనక మెట్ల మీద ఒక మూల కూర్చున్నాడు. కిందనున్న కొలనులో ఫ్రీస్టైల్ పిల్లలను వరుసలో నిలబెడుతున్నారు. సంగీత తలకు ఈసారి సరిపోయే టోపీ ఉంది.

ఎవరో పక్కకొచ్చి నిలబడ్డారు. మోతీ. చేతిలో కొత్త ఫోన్. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఫోన్ అడ్డం పట్టాల్నా, నిలువు పట్టాల్నా సార్?"

సారంగపాణి తల ఎత్తాడు. "అడ్డం పట్టాలె."

"ఇగ నా బిడ్డ వీడియో నేనే తీసుకుంట" అన్నాడు మోతీ. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఉన్న మాట అన్నాడు, అంతే. "యాడ నిలబడితె బాగ కనిపిస్తది?"

సారంగపాణి లేచాడు. ఎండ ఎటు పడుతోందో చూసి, గోడకు ఎదురుగా రెయిలింగు దగ్గర ఒక చోటు చూపించాడు. మోతీ అక్కడికి వెళ్లి, రెండు చేతులతో ఫోన్ బిగించి పట్టుకుని, నీళ్ల వైపు గురి పెట్టాడు. సారంగపాణి ఆయన బొమ్మకు అడ్డు రాకుండా, రెండు మెట్లు కిందికి దిగి పక్కకు తప్పుకున్నాడు.